బిల్డింగ్ మోడల్ ఫైళ్ళు తెరిచే ఫ్రీ వ్యూయర్లు: వాడి చూసి రాస్తున్న రివ్యూ

మెయిల్లో ఒక బిల్డింగ్ 3డీ మోడల్ ఫైల్ వచ్చి పడుతుంది. పేరు చివర ఆర్‌వీటీ అనో ఐఎఫ్‌సీ అనో ఎన్‌డబ్ల్యూడీ అనో ఉంటుంది, డబుల్ క్లిక్ చేస్తే దీన్ని దేంతో తెరవాలో మీరే చెప్పండి అని కంప్యూటర్ అడుగుతుంది. ఇక్కడే చాలామంది ఆగిపోయి "పీడీఎఫ్ పంపండి చాలు" అనేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఫైల్ తయారుచేసినవాళ్ళు నెలలు కూర్చుని ప్రతి పైపుకీ ఎత్తూ వాలూ పెట్టి ఉంటారు, దాన్ని చూడ్డానికి పైసా ఖర్చులేని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అయినా సైట్లో పని మాత్రం పాత ప్రింట్ పట్టుకునే జరుగుతూ ఉంటుంది.

నా పని కోఆర్డినేషన్, అంటే ఆర్కిటెక్ట్ మోడల్, స్ట్రక్చర్ మోడల్, ఏసీ డక్టులు, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ అన్నీ ఒకచోట పెట్టి ఎవరిది ఎవరికి అడ్డం వస్తోందో చూడటం. ఈ పనిలో రకరకాల వ్యూయర్లు వాడాను, వాటి గురించే ఇక్కడ రాస్తున్నా. నేను ఒక వ్యూయర్‌ని మంచిదా కాదా అని తేల్చేది బొమ్మ ఎంత అందంగా ఉందన్న దాన్ని బట్టి కాదు. ఫైల్లో ఏం లేదో పట్టుకోడానికి అది నాకు ఎంత సాయం చేస్తుందన్నదే నేను చూసేది.

ఎందుకిలా అంటున్నానో చెప్తా. ఒక ప్రాజెక్ట్‌లో ప్లంబింగ్ కన్సల్టెంట్ దగ్గర్నుంచి ఐఎఫ్‌సీ ఫైల్ వచ్చింది, వ్యూయర్‌లో శుభ్రంగా తెరుచుకుంది, టాయిలెట్ షాఫ్ట్ పక్కన నిలువు పైపులన్నీ కనపడ్డాయి, వాటిని చూసే స్లాబ్‌లో స్లీవ్‌లు, అంటే పైపులు పోవడానికి వదిలే కంతలు, ఎక్కడెక్కడ వదలాలో మార్క్ చేసి సైట్‌కి ఇచ్చాం. కాంక్రీట్ పోశారు. తర్వాతి రివిజన్ డ్రాయింగ్‌లో ఇంకో పైపు ఉంది. కొత్తగా వేశారా అని అడిగితే మొదట్నుంచీ ఉందండీ అన్నారు, నిజమే, వాళ్ళ మోడల్లో మొదట్నుంచీ ఉంది, కానీ ఎక్స్‌పోర్ట్ చేసిన వ్యూలో ఆ పైపు ఉన్న ఒక్క సిస్టమ్ హైడ్ అయి ఉంది, ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్‌లో వ్యూలో కనపడేవి మాత్రమే పంపు అనే టిక్ పడి ఉంది, అంతే. గట్టిపడ్డ స్లాబ్‌కి మిషన్‌తో కంత కోయాల్సి, అదే కోర్ కటింగ్, చేయాల్సి వచ్చింది, కమ్మీ తెగకుండా ఎక్కడ కోయాలా అని స్ట్రక్చరల్ వాళ్ళతో మళ్ళీ కూర్చోవాల్సి వచ్చింది. వ్యూయర్ ఎక్కడా ఎర్రర్ చూపించలేదు, చూపించడానికి దానికి తెలియదు కూడా. లేని పైపు గురించి ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చెప్తుంది.

సరే, వ్యూయర్ల దగ్గరికి వెళ్ళే ముందు ఫైల్ రకాల గురించి కాస్త తెలియాలి, ఇది తెలియక వ్యూయర్‌ని తిట్టుకునేవాళ్ళు చాలామంది. ఆర్‌వీటీ అంటే బిల్డింగ్ మోడల్ తయారుచేసే రివిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పని జరుగుతున్న అసలు ఫైల్, మనం వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద ఉన్న గిన్నె చూస్తున్నట్టు. ఐఎఫ్‌సీ అంటే ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగేలా అందరికీ కలిపి పెట్టుకున్న ఫార్మాట్, బిల్డింగ్‌స్మార్ట్ అనే అంతర్జాతీయ సంస్థ చూసుకుంటుంది, 2013లో ఐఎస్‌ఓ 16739 అనే ప్రమాణంగా కూడా వచ్చింది. అది వడ్డించిన విస్తరి లాంటిది, వడ్డించినవాళ్ళు ఏది వేస్తే అదే ఉంటుంది. ఎన్‌డబ్ల్యూడీ అంటే నేవిస్‌వర్క్స్ అనే కోఆర్డినేషన్ సాఫ్ట్‌వేర్‌లో అన్ని మోడల్స్ కలిపి ఆ రోజుకి ఎలా ఉన్నాయో అలా సీల్ వేసి ఇచ్చిన కాపీ.

నేవిస్‌వర్క్స్ ఫ్రీడమ్‌తో మొదలుపెడతా, ఎందుకంటే సైట్‌లో ఉండేవాళ్ళకి నేను ముందుగా ఇన్‌స్టాల్ చేయించేది ఇదే. ఆటోడెస్క్ వాళ్ళది, ఫ్రీ, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. పెద్ద మోడల్స్‌ని మోసే శక్తి దీనికి బాగా ఉంది, ఐదారు డిసిప్లిన్ల (స్ట్రక్చర్, ప్లంబింగ్ లాంటి విభాగాల) మోడల్స్ కలిపి పంపినా మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా కదులుతుంది, తిప్పుతున్నప్పుడు చిన్న వస్తువులు కాసేపు మాయమై ఆపగానే మళ్ళీ వస్తాయి, అది పాడవడం కాదు, వేగం కోసం అదే అలా చేస్తుంది, కొత్తవాళ్ళు చూసి కంగారు పడొద్దు. లోపల నడుచుకుంటూ వెళ్ళే వాక్ మోడ్ నాకు చాలా ఇష్టం, కారిడార్‌లో నిలబడి తల ఎత్తి చూస్తే ఫాల్స్ సీలింగ్ పైన డక్ట్‌కీ బీమ్‌కీ మధ్య ఎంత ఇరుకో అర్థమవుతుంది, ప్లాన్‌లో చూస్తే అది ఎప్పటికీ అర్థం కాదు. కోఆర్డినేటర్ ముందే సేవ్ చేసి పెట్టిన వ్యూపాయింట్లు పక్క ప్యానెల్‌లో వరసగా ఉంటాయి, ఒక్కోదాని మీద క్లిక్ చేస్తే సరిగ్గా సమస్య ఉన్న చోటికే తీసుకెళ్తుంది.

అయితే ఫ్రీడమ్ తెరిచేవి ఎన్‌డబ్ల్యూడీ, డీడబ్ల్యూఎఫ్ ఫైళ్ళు మాత్రమే. ఆర్‌వీటీ తెరవదు, ఐఎఫ్‌సీ తెరవదు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది, నేవిస్‌వర్క్స్‌లో మూడు రకాల ఫైళ్ళు ఉంటాయి, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్‌డబ్ల్యూసీ అంటే క్యాష్, అసలు మోడల్ నుంచి అదే తయారుచేసుకున్న తేలిక కాపీ. ఎన్‌డబ్ల్యూఎఫ్ అంటే ఏయే మోడల్స్ ఎక్కడున్నాయో రాసి పెట్టుకున్న చిరునామాల చీటీ, దాంతో పాటు వ్యూపాయింట్లు, క్లాష్ (ఒకదానికి ఒకటి అడ్డం వచ్చిన చోట్ల) ఫలితాలు ఉంటాయి, మోడల్ మాత్రం అందులో ఉండదు. ఎన్‌డబ్ల్యూడీలో మాత్రమే అన్నీ లోపల ఉంటాయి. ఎవరైనా పంపిన నేవిస్‌వర్క్స్ ఫైల్ వందల మోడల్స్ కలిపిందని చెప్పి సైజ్ మాత్రం కొన్ని కేబీలే ఉందంటే అది ఎన్‌డబ్ల్యూఎఫ్, డౌన్‌లోడ్ కూడా చేయకుండా ఎన్‌డబ్ల్యూడీ పబ్లిష్ చేసి పంపమని అడిగేయండి. పబ్లిష్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టొచ్చు, గడువు తేదీ కూడా పెట్టొచ్చు, ఆ తేదీ దాటాక ఫైల్ తెరుచుకోదు, నిన్నటిదాకా పని చేసిన ఫైల్ ఇవాళ మొండికేస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. నా మటుకు నాకు ఈ గడువు తేదీ చాలా మంచి ఏర్పాటు అనిపిస్తుంది, సైట్‌కి ఇచ్చే కాపీకి తర్వాతి రివిజన్ వచ్చే రోజే గడువు పెడితే పాత మోడల్ చూసి పని చేసే ప్రమాదం చాలా వరకు తగ్గుతుంది. ఫ్రీడమ్‌కి పదికి ఎనిమిది ఇస్తా. ఆ రెండు మార్కులు ఎందుకు తీశానంటే అందులో మీరు ఏదైనా గమనిస్తే ఫైల్లోనే రాసి సేవ్ చేసే వీల్లేదు, చూడ్డం వరకే.

రెండోది ఆటోడెస్క్ వ్యూయర్, బ్రౌజర్‌లో నడుస్తుంది, ఫ్రీ అకౌంట్ ఉంటే చాలు, ఇన్‌స్టాల్ చేసేదేం లేదు. రివిట్ లైసెన్స్ లేకుండా ఆర్‌వీటీ ఫైల్ చూడాలంటే నాకు తెలిసి అన్నిటికన్నా తేలిక దారి ఇదే. డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్), ఐఎఫ్‌సీ, ఇంకా చాలా ఫార్మాట్లు తీసుకుంటుంది, కొలతలు తీసుకోవచ్చు, సెక్షన్ కట్ చేసి లోపలికి చూడొచ్చు, గీతలు గీసి లింక్ పంపొచ్చు, అవతలివాళ్ళు ఆ లింక్ బ్రౌజర్‌లో తెరిచి చూసుకుంటారు. క్లయింట్‌తో మీటింగ్ అరగంటలో ఉందనుకోండి, వాళ్ళ కంప్యూటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు, అలాంటప్పుడు ఇది ప్రాణం నిలబెడుతుంది. అక్కడ పెట్టిన ఫైల్ శాశ్వతంగా ఉంటుందని మాత్రం అనుకోవద్దు, చూపించడానికే వాడండి, దాచుకోడానికి కాదు.

దీనితో రెండు జాగ్రత్తలు. ఒకటి, ఫైల్ మీ కంప్యూటర్ దాటి బయటి సర్వర్‌కి వెళ్తోంది, ఆస్పత్రులు, బ్యాంకులు, ప్రభుత్వ భవనాల మోడల్స్‌లో సెక్యూరిటీ గదులు ఎక్కడ, కేబుళ్ళు ఎటు పోతున్నాయి అన్నీ ఉంటాయి, అగ్రిమెంట్‌లో ఏం రాసుందో చూసి అడిగి మరీ అప్‌లోడ్ చేయండి, ఇది చిన్న విషయం అనుకోకండి. రెండోది, రివిట్‌లో పెద్ద ప్రాజెక్ట్ అంటే ఒక ఫైల్ ఉండదు, ఆర్కిటెక్చర్ ఫైల్‌కి స్ట్రక్చర్ ఫైల్ లింక్ చేసి ఉంటుంది, ఎంఈపీ (ఏసీ, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) ఇంకో లింక్. మీరు ఆర్కిటెక్చర్ ఆర్‌వీటీ ఒక్కటే అప్‌లోడ్ చేస్తే లింక్ ఉన్న మిగతావి దాంతో రావు. గోడలు తలుపులు ఉంటాయి, పిల్లర్లు బీమ్‌లు ఉండవు, చూసేవాళ్ళు స్ట్రక్చర్ మోడల్ ఇంకా అవ్వలేదేమో అనుకుంటారు. నేను చెప్పిన లేనిదాని సమస్య మళ్ళీ ఇక్కడ ఇంకో రూపంలో. పంపేవాళ్ళు రివిట్‌లోని ఈట్రాన్స్‌మిట్ వాడితే అసలు ఫైల్‌తో పాటు దానికి కావలసిన లింకులన్నీ ఒక ఫోల్డర్‌లో కట్టి ఇస్తుంది, అలా పంపమని అడగడం అలవాటు చేసుకోండి.

ఆర్‌వీటీ విషయంలో ఇంకొకటి, వెర్షన్. రివిట్ 2024లో సేవ్ చేసిన ఫైల్ 2023లో తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే దారి కూడా లేదు. పాత ఫైల్‌ని కొత్త వెర్షన్‌లో తెరిస్తే అప్‌గ్రేడ్ అవుతుంది, సేవ్ చేస్తే ఇక ఆ ఫైల్ పాత వెర్షన్ వాళ్ళకి దక్కదు. టీమ్ అంతా పాత వెర్షన్‌లో ఉండగా ఒక్కళ్ళు కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ కొట్టారంటే మొత్తం టీమ్ బయట నిలబడాల్సిందే. కాబట్టి ఎవరిదైనా ఫైల్ చూడాలంటే కాపీ తీసుకుని ఆ కాపీనే తెరవండి, చాలామంది ఒకేసారి పని చేసే సెంట్రల్ ఫైల్ అయితే తెరిచే విండోలోనే డిటాచ్ అనే టిక్ ఉంటుంది, అది పెట్టి తెరవండి, అప్పుడు మీరేం చేసినా అసలు ఫైల్‌కి తగలదు. మెషిన్లో రివిట్ ఇన్‌స్టాల్ చేసి ఉండి లైసెన్స్ లేకపోతే దాంతో పాటే వచ్చే రివిట్ వ్యూయర్ అనే ఐకాన్ ఉంటుంది స్టార్ట్ మెనూలో, చాలామంది దాన్ని గమనించరు. దాంట్లో మొత్తం మోడల్, షీట్లు, షెడ్యూళ్ళు (లెక్కల పట్టికలు) అన్నీ అసలు రివిట్‌లో లాగే చూడొచ్చు, మార్పులు సేవ్ చేయడం మాత్రం కుదరదు. చూడ్డానికి ఇంతకన్నా నిజమైన దృశ్యం ఇంకోటి లేదు, ఎందుకంటే మధ్యలో ఎక్స్‌పోర్ట్ అనే మెట్టే లేదు.

ఇక నేను రోజూ తెరిచేది బిమ్‌విజన్. పోలాండ్‌కి చెందిన డేటాకాంప్ వాళ్ళు చేసింది, ఐఎఫ్‌సీ ఫైళ్ళకి మాత్రమే, విండోస్‌లో నడుస్తుంది, ఆఫీసు పనికి వాడినా ఫ్రీ. అదనపు పనులకి ప్లగిన్లు అమ్ముతారు, అవి లేకుండానే నాకు కావలసినవి చాలా వరకు అయిపోతున్నాయి. రూపం చూస్తే పెద్ద ఆకర్షణ ఏం ఉండదు, బటన్లు ఎక్కువ, మొదటి రోజు కాస్త తికమక పడతారు. కానీ ఎడమ పక్క చెట్టులా విచ్చుకునే లిస్ట్ ఉంది చూడండి, సైట్, దాని కింద బిల్డింగ్, దాని కింద ఫ్లోర్లు, ఒక్కో ఫ్లోర్ కింద గోడలు, స్లాబులు, తలుపులు, పైపులు, అసలు తనిఖీ అంతా అక్కడే ఉంది. 3డీ బొమ్మ తిప్పుతూ ఆహా అనుకునే ముందు ఆ లిస్ట్ విప్పి చూడండి. బిల్డింగ్‌కి పన్నెండు ఫ్లోర్లు ఉంటే లిస్ట్‌లో పన్నెండు ఉన్నాయా, లేక రిఫరెన్స్ కోసం గీసుకున్న లెవెళ్ళు కూడా ఫ్లోర్లుగా వచ్చి ఇరవై ఐదు ఉన్నాయా. మూడో ఫ్లోర్‌లో తలుపులు నలభై ఉండి, అచ్చం అలాంటి ప్లానే ఉన్న నాలుగో ఫ్లోర్‌లో ముప్పై ఒకటే ఉన్నాయంటే ఆ తొమ్మిది ఎక్కడికి పోయాయి అని అడగాలి, అవి వేరే ఫ్లోర్ కింద చేరిపోయి ఉండొచ్చు లేదా అసలు రాకపోయి ఉండొచ్చు. ఆ పైపు సంగతి జరిగాక నేను ప్రతి ఫైల్‌కీ ఈ లెక్క చూస్తున్నా, పది నిమిషాల పని.

ఆ లిస్ట్‌లో ఇంకో పేరు కోసం వెతకండి, ఐఎఫ్‌సీ బిల్డింగ్ ఎలిమెంట్ ప్రాక్సీ. ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడు ఫలానా వస్తువు ఏంటో తేలకపోతే దాన్ని ఈ పేరు కింద పడేస్తారు. నాలుగైదు ఉంటే పట్టించుకోనక్కర్లేదు, కానీ ప్రాక్సీల కింద వందల వస్తువులు ఉన్నాయంటే ఆ ఫైల్‌తో లెక్కలు కట్టొద్దు, ఎందుకంటే గోడల విస్తీర్ణం ఎంత అని ఫిల్టర్ పెడితే ప్రాక్సీగా మారిన గోడలు అందులోకి రావు. కంటికి గోడ కనపడుతుంది, లెక్కలో ఉండదు. బిల్లింగ్ చేసేవాళ్ళకి ఇది ఎంత పెద్ద దెబ్బో వాళ్ళకే తెలుసు.

ఏదైనా వస్తువు మీద క్లిక్ చేస్తే కుడి పక్క ప్రాపర్టీస్ వస్తాయి. గోడ అయితే పీసెట్ వాల్ కామన్ అనే గుంపు ఉండాలి, అందులో ఫైర్ రేటింగ్, బయటి గోడా లోపలి గోడా, బరువు మోసేదా కాదా లాంటివి ఉంటాయి. ఖాళీగా ఉంటే మోడల్ బొమ్మ వరకే తయారైంది, సమాచారం నింపలేదన్నమాట. విస్తీర్ణం, ఘనపరిమాణం కావాలంటే బేస్ క్వాంటిటీస్ అనే గుంపు ఉండాలి, అది ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రత్యేకంగా టిక్ పెడితేనే వస్తుంది, లేదని గొడవపడకుండా ఆ టిక్ పెట్టి మళ్ళీ పంపమంటే ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. వచ్చాక కూడా ఒకటి రెండు గోడలు వ్యూయర్‌లోనే కొలిచి సరిపోల్చుకోండి, కిటికీల ఖాళీ తీసేసిన విస్తీర్ణమా తీయనిదా అని గ్రాస్, నెట్ రెండూ ఉంటాయి, కంగారులో ఒకటి బదులు ఇంకోటి తీసుకుంటారు.

రెండు రివిజన్లని పోల్చి చూసే సదుపాయం కూడా బిమ్‌విజన్‌లో ఉంది, మారినవి రంగులో చూపిస్తుంది, నాకు దీనివల్ల మిగిలిన గంటలు ఇన్నీ అన్నీ కావు. ఇది పని చేయడానికి ఆధారం గ్లోబల్ ఐడీ, ఐఎఫ్‌సీలో ప్రతి వస్తువుకీ 22 అక్షరాల గుర్తింపు ఒకటి ఉంటుంది. ఒక గోడని జరిపితే ఐడీ అలాగే ఉంటుంది, అదే గోడని చెరిపేసి మళ్ళీ గీస్తే కొత్త ఐడీ వస్తుంది, వ్యూయర్ పాతది పోయింది కొత్తది వచ్చింది అంటుంది. అందుకే మోడల్ చేసేవాళ్ళని నేను బతిమాలి చెప్పేది ఏంటంటే, చెరిపి గీయడం కన్నా ఉన్నదాన్ని మార్చండి అని. ఒక్కోసారి పోలిస్తే మొత్తం బిల్డింగే మారిపోయినట్టు రంగు పడుతుంది, అప్పుడు డిజైన్ మారలేదు, ఐడీలు మారాయి. బిమ్‌విజన్‌కి తొమ్మిది మార్కులు, మాక్ వాడేవాళ్ళకి లేకపోవడం ఒక్కటే లోటు.

మాక్‌లో, లినక్స్‌లో కావాలంటే బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోకి వేసుకునే బాన్సాయ్ ఉంది, ఇంతకుముందు బ్లెండర్‌బిమ్ అనేవాళ్ళు. ఓపెన్ సోర్స్, ఐఎఫ్‌సీని చూడ్డమే కాదు నేరుగా ఎడిట్ కూడా చేస్తుంది. శక్తి చాలా ఉంది, కానీ బ్లెండర్ అలవాటు లేనివాళ్ళకి మొదట్లో కష్టం, సైట్ ఇంజనీర్‌కి ఇది ఇన్‌స్టాల్ చేసి ఇవ్వను, నేర్చుకునే ఓపిక ఉన్న కోఆర్డినేటర్‌కి మాత్రం తప్పకుండా చెప్తా.

అన్నిటికన్నా చిన్న వ్యూయర్ గురించి ఎవరూ చెప్పరు, అది నోట్‌ప్యాడ్. ఐఎఫ్‌సీ ఫైల్ మామూలు టెక్స్ట్. తెరిస్తే మొదట్లో హెడర్ అనే భాగం ఉంటుంది, అందులో ఫైల్ నేమ్ అనే లైన్‌లో ఏ తేదీన ఏ టైమ్‌కి ఎక్స్‌పోర్ట్ అయిందో, ఏ సాఫ్ట్‌వేర్‌తో అయిందో ఉంటుంది, ఫైల్ స్కీమా లైన్‌లో అది ఐఎఫ్‌సీలో ఏ వెర్షన్, ఐఎఫ్‌సీ 2ఎక్స్3 నా ఐఎఫ్‌సీ 4 నా అన్నది ఉంటుంది. వ్యూయర్‌లో ఫైల్ తెరుచుకోకపోతే ముందు ఈ స్కీమా చూడండి, మీ వ్యూయర్ పాతదై ఫైల్ కొత్త స్కీమా అయి ఉండొచ్చు. మెయిల్లో ఇవాళే తీసిన లేటెస్ట్ మోడల్ అని రాసి పంపుతారు, హెడర్‌లో మూడు వారాల కిందటి తేదీ ఉంటుంది, పంపినవాళ్ళు అబద్ధం చెప్పారని కాదు, ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉన్న ఫైళ్ళలో పాతది అటాచ్ అయిపోయింది. ఫైల్ చాలా పెద్దదైతే నోట్‌ప్యాడ్ బిగుసుకుపోతుంది, పెద్ద టెక్స్ట్ ఫైళ్ళు తెరిచే ఎడిటర్ ఏదైనా వాడండి. టెక్స్టే కాబట్టి జిప్ చేస్తే ఐఎఫ్‌సీ సైజ్ బాగా తగ్గుతుంది, మెయిల్‌లో పట్టట్లేదు అనే ముందు అది చేసి చూడండి.

రెండు మోడల్స్ కలిపి తెరిస్తే ఒకటి ఇక్కడ ఇంకోటి కిలోమీటర్ల దూరంలో పడటం, ఇది ప్రతి ప్రాజెక్ట్‌లోనూ మొదటి నెల తలనొప్పి, ఇందులో వ్యూయర్ తప్పేమీ లేదు. ఆర్కిటెక్ట్ సున్నా పాయింట్ బిల్డింగ్ మూల దగ్గర పెట్టుకుంటాడు, సర్వే వాళ్ళ నంబర్లు లక్షల మీటర్లలో ఉంటాయి, స్ట్రక్చరల్ వాళ్ళు ఇంకో గ్రిడ్ దగ్గర మొదలుపెడతారు. కొందరు ఆ సర్వే నంబర్లు పట్టుకుని మోడల్‌నే అంత దూరం తీసుకెళ్ళి గీస్తారు, అప్పుడు గీతలు వణుకుతాయి, అంచులు మెరుస్తూ చెదిరిపోతాయి. కారణం ఏంటంటే చాలా గ్రాఫిక్స్ ప్రోగ్రాములు బొమ్మ గీసేటప్పుడు 32 బిట్ల సంఖ్యలు వాడతాయి, అవి దాదాపు ఏడు అంకెల వరకే కచ్చితంగా ఉంటాయి, సున్నా నుంచి నాలుగు లక్షల మీటర్ల దూరంలో ఒక సంఖ్యకీ దాని పక్క సంఖ్యకీ మధ్య ఎడం మూడు సెంటీమీటర్లు, ఇరవై లక్షల మీటర్ల దూరంలో పన్నెండున్నర సెంటీమీటర్లు అయిపోతుంది, ఇక అక్కడ గోడ అంచు నిలకడగా ఎలా ఉంటుంది. రివిట్ కూడా లోపలి ఒరిజిన్ (దాని సున్నా పాయింట్) నుంచి 16 కిలోమీటర్ల లోపే గీయమంటుంది. మోడల్‌ని సున్నా దగ్గరే ఉంచి సర్వే పాయింట్‌తో దూరాన్ని చెప్పాలి, జరపకూడదు. మేమేం చేస్తామంటే, డిజైన్ మొదలవ్వకముందే ప్రతి కన్సల్టెంట్‌నీ ఒక్క గ్రిడ్ మూల దగ్గర ఒకే ఒక్క పిల్లర్ పెట్టి ఐఎఫ్‌సీ పంపమంటాం, అన్నీ కలిపి తెరుస్తాం, పిల్లర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడితే మొదలెట్టండి అంటాం. పడకపోతే ఆ రోజే సరిచేసుకుంటారు. మొదటి రోజు గంట పని, ఆరో నెలలో అయితే వారాల పని.

చూసింది ఎలా చెప్పాలన్నది ఇంకో విషయం. "అన్నా, ఇక్కడ డక్ట్ బీమ్‌లోంచి పోతోంది చూడు" అని మా కుర్రాడు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపుతాడు, ఏ ఫ్లోరో ఏ గ్రిడ్డో నాకు తెలియదు, ఆ బీమ్ దగ్గరికి వెళ్ళడానికి నాకు పావుగంట. దీనికి బీసీఎఫ్ అనే ఫార్మాట్ ఉంది, అది ఒక చిన్న జిప్ ఫైల్, లోపల కామెంట్, స్క్రీన్‌షాట్, కెమెరా ఎక్కడుండి ఎటు చూస్తోంది, ఏ వస్తువుల గ్లోబల్ ఐడీలు అన్నవి ఉంటాయి, మోడల్ ఉండదు కాబట్టి చాలా చిన్నది. మీరు ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన బీసీఎఫ్‌ని అవతలివాళ్ళు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే సరిగ్గా అదే చోటికి వెళ్తుంది. వ్యూయర్ ఎంచుకునేటప్పుడు బీసీఎఫ్ తీసుకుంటుందా, ఇస్తుందా అని తప్పకుండా చూడండి, కొన్నిట్లో ఇది ప్లగిన్‌గా ఉంటుంది.

ఇక ఫైళ్ళు సర్దుకోవడం. ఫైనల్, ఫైనల్ 2, లేటెస్ట్ ఫైనల్ అని పేర్లు పెట్టొద్దు. ఐఎస్‌ఓ 19650 అనే ప్రమాణం 2018లో వచ్చింది, అందులో చెప్పిన నాలుగు దశలు చిన్న ఆఫీసుకి కూడా పనికొస్తాయి: పని జరుగుతున్నవి, ఇతరులతో పంచుకున్నవి, ఆమోదం పొంది విడుదలైనవి, పాతవి దాచినవి. నాలుగు ఫోల్డర్లు పెట్టండి చాలు. విడుదలైన ఫోల్డర్ అందరికీ చదవడానికి మాత్రమే, రాసే హక్కు ఒక్కరికే. పేరులో ప్రాజెక్ట్, ఎవరు చేశారు, ఏ బ్లాక్, ఏ ఫ్లోర్, ఏ డిసిప్లిన్, నంబర్ ఉండాలి, రివిజన్ కూడా ఎక్కడో ఒకచోట స్పష్టంగా ఉండాలి. రివిట్ ఫోల్డర్‌లో పేరు చివర 0001, 0002 అని నంబర్లతో ఉండేవి ఆటోమేటిక్‌గా దాచిన పాత సేవ్‌లు, అసలు ఫైల్ పాడైతే కాపాడేవి అవే, కానీ పొరపాటున అవే బయటికి పంపేస్తుంటారు, పంపే ముందు పేరు ఒకసారి చివరిదాకా చదవండి. సెంట్రల్ ఫైల్‌ని మామూలుగా ఫైళ్ళు సింక్ చేసే డ్రైవ్‌లో పెట్టొద్దు, ఇద్దరు ఒకేసారి సింక్ చేస్తే రెండు కాపీలు తయారై ఎవరి పని ఎందులో ఉందో తెలియకుండా పోతుంది. ఆఫీసు సర్వర్ గానీ, దాని కోసమే చేసిన క్లౌడ్ సర్వీస్ గానీ ఉండాలి.

మోడల్ బరువెక్కి కదలకపోతే ఫర్నిచర్, లోపల ఇంపోర్ట్ చేసిన డీడబ్ల్యూజీలు, వాడని ఫ్యామిలీలు (తలుపు, కిటికీ లాంటి రెడీమేడ్ వస్తువులు), ఈ మూడిట్లోనే ఎక్కువ బరువు ఉంటుంది. మోడల్ చేసేవాళ్ళు రివిట్‌లో పర్జ్ అనే కమాండ్ కొడితే వాడనివి పోతాయి, డీడబ్ల్యూజీని ఇంపోర్ట్ బదులు లింక్ చేస్తే కావలసినప్పుడు తీసేయొచ్చు. చూసేవాళ్ళు అయితే ఫ్లోర్ ఫ్లోర్‌కీ, డిసిప్లిన్ డిసిప్లిన్‌కీ వేరు ఐఎఫ్‌సీలు అడగండి, ఫోన్‌లో చూసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

ఎవరికి ఏది అంటే, సైట్‌లో ఉండి చూడ్డం మాత్రమే మీ పని అయితే ఫ్రీడమ్ పెట్టుకుని కోఆర్డినేటర్ దగ్గర ఎన్‌డబ్ల్యూడీ అడగండి. క్లయింట్‌కి చూపించాలంటే ఆటోడెస్క్ వ్యూయర్. లెక్కలు తీయాలన్నా రివిజన్లు పోల్చాలన్నా బిమ్‌విజన్. నేను ఇప్పటికీ ఒక వ్యూయర్‌లో చూడాలని కోరుకుంటున్నది ఒకటి మిగిలింది, ఫైల్ తెరవగానే ఇది ఫలానా తేదీన ఎక్స్‌పోర్ట్ అయింది, ఫలానా ఫ్లోర్‌లో ఇన్ని వస్తువులు ఉన్నాయి, కిందటిసారి కన్నా ఇన్ని తగ్గాయి అని పెద్ద అక్షరాలతో ముందే చూపించాలి. అది వచ్చేదాకా నేను ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకున్నా, ఫైల్ వచ్చిన రోజు, హెడర్‌లో తేదీ, స్కీమా, ఫ్లోర్ల సంఖ్య, ఒక్కో ఫ్లోర్‌లో తలుపులు, నిలువు పైపులు, ప్రాక్సీలు ఎన్ని అని రాసుకుంటా. ప్లంబింగ్ ఫైల్ కొత్తది వచ్చినప్పుడు నేను ముందుగా చూసే కాలమ్ నిలువు పైపులదే.